మాను ఒకటే, కొమ్మలు వేరు

ఇండోనేషియాలోని మలాంగ్ ఇస్లామీయ సంస్థ 2004లో పూర్తి విశ్వవిద్యాలయమైంది. అక్కడి చదువుల తీరును అప్పటి రెక్టర్ ఇమామ్ సుప్రయోగో ఒక చెట్టు బొమ్మగా గీసి చూపించాడు. అరబీ, ఇంగ్లీషు వంటివి వేళ్ళు. ఖురాన్, హదీసులు (ప్రవక్త మాటలు, చేతలు) మాను. మనస్తత్వశాస్త్రం, వాస్తుశిల్పం, ఆర్థికశాస్త్రం కొమ్మలు. మాను దాకా అందరికీ ఫర్జ్ ఐన్, ఎవరికి వారు తీర్చుకోవాల్సిన విధి. కొమ్మ ఫర్జ్ కిఫాయా: ఊళ్ళో కొందరు చేస్తే మిగతావారికి ఆ బాధ్యత తప్పుతుంది. ఇలాంటి చోట చేరిన పిల్లవాణ్ణి ‘మతం కోసం వచ్చావా, ఉద్యోగం కోసమా’ అని అడిగితే ఏం చెబుతాడు? అతను విడదీయని రెంటిని ప్రశ్నే విడదీసింది. ఇస్లామీయ పండితుడు గజాలీ (మరణం 1111) వైద్యాన్ని ఫర్జ్ కిఫాయాలోనే చేర్చాడు. ముస్లిం వైద్యుడే లేని ఊళ్ళుండగా అందరూ ఫిఖ్ (మత న్యాయశాస్త్రం) వెంటపడుతున్నారని చీవాట్లు పెట్టాడు. ఎందుకు పడుతున్నారో కూడా మొహమాటం లేకుండా చెప్పాడు: న్యాయాధికారి పదవులు, వక్ఫ్ పెత్తనాలు అటే దొరుకుతాయి. ఆ కాలపు ‘మంచి ప్యాకేజీ’ మతశాస్త్రానిదే! కాబట్టి కోర్సు పేరు చూసి భక్తిని కొలవలేం. కొలవాల్సింది మనసులోని సంకల్పాన్ని, నియ్యత్‌ను.

వేరేచోట సీటు రాకో, ఫీజు కట్టలేకో చేరి, తర్వాత నియ్యత్ అంటారని ఈ మాటను కొట్టిపారేయవచ్చు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. అయితే డబ్బు, మార్కులు ఏ దారులు తెరిచి ఉన్నాయో చెబుతాయే గాని, వాటిలో ఏ దారిన వెళ్ళాలో చెప్పవు. మలాంగ్‌లో మొదటి ఏడాది మఅహద్ అనే హాస్టల్లోనే ఉండాలి, అరబీ ప్రత్యేక తరగతులకు కూర్చోవాలి. సీటు ఒక్కటే కావాలనుకున్నవాడికి అది బరువు. కూతుర్ని దూరపు ఊరికి పంపడానికి జంకే తండ్రికి అదే ధైర్యం. విలువలు తరచు ఇలాగే పనిచేస్తాయి, ఆకర్షణగా కాదు, అనుమతిగా. అప్పుడు ఎంపిక అమ్మాయిదా, తండ్రిదా అన్న ప్రశ్న మిగులుతుంది. చాలా ఇళ్ళలో ఆ గీత గీయడం కష్టం.

విలువలే విద్యార్థుల్ని తెస్తాయన్న మాటకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇండోనేషియాలోనే ఉన్న కుపాంగ్ నుంచి వస్తుంది. క్రైస్తవులు ఎక్కువగా ఉండే ఆ ప్రాంతంలో, 1912లో పుట్టిన ముహమ్మదియా అనే ముస్లిం సంస్థ నడిపే విశ్వవిద్యాలయంలో విద్యార్థులూ ఎక్కువమంది క్రైస్తవులే. మరి ఇస్లామీయ విలువలు వాళ్ళనేం లాగినట్టు? లాగలేదు. అక్కడ మతం పనిచేసింది చేరేవారిలో కాదు, కాలేజీ కట్టినవారిలో. చదువు చెప్పడాన్ని తమ ధర్మంగా ఎంచినవారిలో. ఒకే గేటులోంచి వేర్వేరు కారణాలతో నడిచి వస్తారు. ఇస్లాం పాఠానికి క్రైస్తవ విద్యార్థులూ కూర్చుంటారు. మలాంగ్ పిల్లవాడికి అది ఫర్జ్ ఐన్, వీళ్ళకు సిలబస్.