పందెము – ప్రశ్న – ప్రపత్తి



2021లో ఒకనాటి రాత్రి పెన్నాతీరమున తల్పగిరి రంగనాథుని సేవించుకొని యింటికి వచ్చునప్పటికి మా మనుమలు టీ.వీ. ముందు కూర్చుండి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అను ప్రశ్నల పోటీని చూచుచుండిరి. నేనును కూర్చుంటిని. జవాబు చెప్పవలసినవాడు ఎవరో. నాకు రాబోవు ధనమేమియు లేదు. అయినను నా గుండె దడదడలాడినది. ఈ ఉద్వేగము ప్రశ్నలో నున్నదా, పందెములో నున్నదా అని ఆ రాత్రి ఆలోచించితిని.

ఈ క్రీడ 1998లో ఇంగ్లండులో పుట్టినది. 2000లో శ్రీ అమితాబ్ బచ్చన్ నిర్వహణమున హిందీలోనికిని, 2014లో శ్రీ నాగార్జున నిర్వహణమున తెలుగులోనికిని వచ్చినది. 2000 నాటి హిందీ క్రీడ ఏర్పాటును గమనింపుడు. మొత్తము 15 ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు 1,000 రూపాయలు, కడపటి ప్రశ్నకు కోటి. ఐదవ మెట్టునందలి 10,000, పదవ మెట్టునందలి 3,20,000 నిలుకడ సొమ్ములు. ఆ మెట్టు దాటినవాడు పిమ్మట తప్పినను ఆ సొమ్మునకు హాని లేదు. కనుక పదునొకండవ ప్రశ్నకు తప్పు చెప్పినను పోవునదేమియు లేదు. పదునాల్గవ మెట్టున నున్నవానికి 50 లక్షలు చేతికందియున్నవి, తృప్తుడై లేచిపోవచ్చును. ఆశతో కడపటి ప్రశ్నకు తప్పు చెప్పెనా, 3,20,000కు జారును. ఒక్క మాటలో 46,80,000 రూపాయలు పోవును! ప్రశ్న కఠినమగుట కొంత; నిలుకడ మెట్టునకు దూరమగుటయే భయమునకు అసలు కారణము.

నా బాల్యమున పాఠశాలలో శలాకాపరీక్ష యుండెడిది. గ్రంథములో పుల్లను గ్రుచ్చి, తెరచిన పుటలోని శ్లోకమునకు అప్పటికప్పుడు అర్థము చెప్పవలెను. దినదినము తడబడక చెప్పెడివాడను. ఒక సంవత్సరము మాత్రము, గెలిచినవానికి శాలువయు సంభావనయు నిత్తుమని సభలో ప్రకటించిరి. నా వంతున తెరచిన శ్లోకము నాకు కంఠస్థమే. అయినను నా చూపు పళ్లెములోని శాలువపై నిలిచినది, నోరు పెగలలేదు. గురువుగారు కోపింపక, “నాయనా! నీకు శ్లోకము రాకపోలేదు. నీవు శ్లోకమును విడిచి శాలువను చదివితివి” అనిరి. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

భారతమున ధర్మరాజు రెండు విధములుగను కనిపించును. జూదమున సంపదను, తమ్ములను, తనను, ద్రౌపదిని ఒడ్డి కోలుపోయెను. ధృతరాష్ట్రుడు అంతయు తిరిగి యిచ్చిన పిమ్మట మరల పిలువగా, వనవాసము పందెముగా రెండవమారును కూర్చుండెను. అతడే అరణ్యమున యక్షుని యెదుట నిలిచినపుడు నలుగురు తమ్ములును నేలపై పడియుండిరి. తప్పిన తన ప్రాణమే పోవును. అయినను తొణకక సమాధానము లిచ్చెను. ఒక్కని బ్రతికింతును, కోరుకొమ్మనగా భీమార్జునులను కాక, మాద్రికిని ఒక కుమారుడు మిగులవలెనని నకులుని కోరెను. యక్షుడు నలుగురిని బ్రతికించెను. ఆశతో ఆడినచోట ఉన్నది పోయినది. ధర్మమున నిలిచినచోట కోరనిదియు లభించినది.

ఇది మన పూజకును వర్తించును. మ్రొక్కు తప్పు కాదు. ఆర్తుడు స్వామితో గాక మరెవరితో చెప్పుకొనును? కాని కోరిక తీరనినాడు గుడికి పోవుట మానినచో, అది మ్రొక్కు కాదు, పందెము. నరసింహస్వామి వరము కోరుమన్నపుడు ప్రహ్లాదుడు, ఫలము కొరకు సేవించువాడు సేవకుడు కాడు, వర్తకుడనెను. ఐదేండ్ల క్రిందట నా సహధర్మచారిణి వ్యాధితో మంచము పట్టినపుడు నేనును వర్తకుడనైతిని. “స్వామీ, ఈమె లేచినచో నూరు పారాయణములు” అంటిని. ఆమె లేవలేదు. పది దినములు గ్రంథమును ముట్టలేదు. పదునొకండవ నాడు, ఏ ఫలమును అడుగక చదువ మొదలిడితిని. అప్పటికి గాని గురువుగారి మాట నాకు పూర్తిగా బోధపడలేదు.

పోటీలో నిలుకడ మెట్లు రెండే. అవి కాపాడునది సొమ్మును మాత్రమే. శరణాగతునికి స్వామి పాదములే నిలుకడ మెట్టు. భారము ఆయనపై నుంచినవానికి గెలుపు గర్వమును, ఓటమి భయమును కలిగింపవు. పిల్లలు పోటీలు చూడనిండు, జవాబులు చెప్పనిండు. విద్యకు సన్మానము జరుగుట మంచిదే. శాలువను గాక శ్లోకమును చదువుట మాత్రము వారికి నేర్పుదము, మనమును నేర్చుకొందము.

శ్రీరంగనాథుడు మనలనందరను అనుగ్రహించుగాక!