బట్టలకొక ముంత

ధ్యాన భాగములు: ఎస్తేరు 2:12–15, 1 సమూయేలు 2:19, లూకా 14:28–30



వరి కోతలు మొదలైనవి. పత్తి తీతలు సాగుచున్నవి. ఇంటికి నాలుగు రూకలు వచ్చు దినములివి. అవి వచ్చిన దారినే పోవు దినములును ఇవే, ఏలయనగా క్రిస్మసు దగ్గరపడినది. కనుక ఈ నెల మీతో బట్టల ఖర్చునుగూర్చియు, అలంకారపు ఖర్చునుగూర్చియు మాటలాడగోరుచున్నాను. ఇది ప్రసంగ పీఠము మీదికి ఎక్కదగిన సంగతియేనా అని కొందరు అనుకొనవచ్చును. ఎక్కినప్పుడెల్ల స్త్రీలను గద్దించుటకే ఎక్కినది. పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయము తెరచి, జడలనియు నగలనియు వస్త్రములనియు చదివి, ఎదుట చాపమీద కూర్చున్న అక్కచెల్లెండ్రవైపు చూచి ప్రసంగము ముగించుట తేలిక. ఆ వాక్యము సత్యమే. అయితే సామెతలు 31వ అధ్యాయములోని గుణవతియైన భార్య సన్నని నారబట్టలు కట్టినది, ఊదారంగు వస్త్రము ధరించినది, చలికాలమునకు ఇంటివారందరికి బట్టలు ముందుగానే సిద్ధపరచినది. లేఖనము ఆమెను మెచ్చుకొనుచున్నదేగాని తప్పుపట్టలేదు. మనము విచారింపవలసినది ఎంత, ఎప్పుడు, ఎవరి డబ్బుతో అనునదియే.

ఎస్తేరు చరిత్ర చూడుడి. అహష్వేరోషు రాజు నగరులోనికి తేబడిన కన్యకలకు పండ్రెండు నెలలు అలంకార పరిచర్య జరిగెను: ఆరు నెలలు గోపరస తైలముతోను, ఆరు నెలలు సుగంధ ద్రవ్యములతోను. ఆ పిల్లలు తమ ఇష్టమున అచ్చటికి వచ్చినవారు కారు. ఆ నగరు మనకు మాదిరియు కాదు. కాని అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి గమనింపదగినది. రాజు నొద్దకు పోవునప్పుడు ఏ కన్యక ఏమి అడిగినను ఇయ్యవలెనని ఆజ్ఞ యుండెను. రాజు ఖజానా తెరచియున్నది, అడుగుటయే తడవు. ఎస్తేరు వంతు వచ్చినప్పుడు, కన్యకలను కాయు హేగే నిర్ణయించిన వస్తువులు తప్ప ఆమె మరేమియు అడుగలేదు. వెల లేకుండ దొరుకుచోటనే ఆమె ఒక హద్దులో నిలిచినది. మన చేతిలోని ఫోను ఆ ఖజానా వలెనే తెరచియున్నది. వ్రేలితో తాకిన మూడు దినములకు పెట్టె గుమ్మము ముందుకు వచ్చును. అయితే మన పక్షమున వెల చెల్లించు రాజు ఎవడును లేడు.

మన ప్రభువు గోపురము కట్టగోరిన మనుష్యునిగూర్చి చెప్పెను. ఆ ఉపమానము శిష్యత్వపు వెలనుగూర్చి చెప్పబడినదని నాకు తెలియును. దానిని బట్టల లెక్కకు దింపుట చిన్నతనమని తలంపకుడి. తెలివిగలవాడెవడైనను పనికి ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు అందరెరిగిన సంగతిగా ఎంచి మాటలాడెను. ఆ కూర్చుండుటయే మన ఇండ్లలో కొరత. మనము నిలువబడి లెక్క చూచుకొనుచున్నాము, అదియు అంగడిలో! అంగడివాడు పదియవ చీర విప్పి పరచినప్పుడు, వాడు ఇచ్చిన కూల్‌డ్రింకు త్రాగి, ఏమియు కొనకుండ లేచి రావలెనంటే మొగమాటమగును. ఆ సమయమున ఎవరి లెక్కయు సరిగా రాదు.

ఫలితము మీరెరుగుదురు. గేదె కొనెదమని డ్వాక్రా గుంపులో తీసిన అప్పులో సగము బట్టల కొట్టుకు పోవును. మెడలోని గొలుసు డిసెంబరులో తాకట్టుకు పోయి, మిరప కోతల డబ్బు వచ్చువరకు అక్కడనే యుండును, కొన్ని సంవత్సరములు అసలే తిరిగి రాదు. వారపు వాయిదాల అప్పులు ఇండ్లను ఏమి చేయునో మన ప్రాంతము చూచియున్నది. 2010లో ఆ బాధ మితిమీరి ప్రాణములు పోవువరకు వచ్చినందున అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అక్టోబరు నెలలో సూక్ష్మ ఋణ సంస్థలను అదుపు చేయుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చెను. అప్పు చేసినవాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము 22వ అధ్యాయము హెచ్చరించుచున్నది. నిర్గమకాండము 22వ అధ్యాయములో మరియొక మాట యున్నది. బీదవాడు తన పై వస్త్రమును తాకట్టు పెట్టినయెడల ప్రొద్దు గ్రుంకకముందే దానిని తిరిగి ఇచ్చివేయవలెను, రాత్రి కప్పుకొనుటకు వానికి అదియొక్కటే గనుక. ఆ దినములలో తిండికొరకు బట్టను కుదువబెట్టిరి. మనము బట్టకొరకు తిండిని కుదువబెట్టుచున్నాము.

ఇక పెట్టుబడి చీరల సంగతి. పెండ్లియైనను, ఆడపిల్ల పెద్దమనిషియైన వేడుకయైనను, గృహప్రవేశమైనను, బంధువులకు బట్టలు పెట్టుట మన ఆచారము. ఆడపడుచుకు చీర, బావగారికి పంచెయో ప్యాంటు గుడ్డయో, వియ్యపురాలికి ఒక మెట్టు పైచీర. ప్రేమతో పెట్టిన బట్టను నేను చులకన చేయను. అయితే అంగళ్లలో ‘పెట్టుబడి చీరలు’ అని వేరే గుట్ట యుండుట చూడలేదా? ఆ గుట్టలోని చీరను కొన్నవారు కట్టరు, పుచ్చుకొన్నవారును కట్టరు. మడత విప్పకుండ అది ఒక ఇంటినుండి మరియొక ఇంటికి, ఒక ఊరినుండి మరియొక ఊరికి ప్రయాణము చేయును. ఒక్కొక్కప్పుడు బయలుదేరిన ఇంటికే తిరిగి వచ్చును! మన సువార్తికులకంటె ఎక్కువ గ్రామములు చూచిన చీరలున్నవి. నవ్వుకొనుటకు బాగుగనే యున్నది గాని, అట్టి చీరలు పండ్రెండు కొనుటకు ఒక కూలి తల్లి ఎన్ని దినములు నడుము వంచవలెనో లెక్క వేయుడి. పైగా పెట్టనియెడల మాట వచ్చును. ఆ మాటకు భయపడియే మనము కొనుచున్నాము. ఇది ఒక్క ఇల్లు మానివేసిన పోవునది కాదు. బంధువులు నలుగురు, సంఘములోని పెద్దలు కలిసి ఒడంబడిక చేసికొనవలెను: ఇకమీదట మన వేడుకలలో అన్నదమ్ముల ఇండ్లవరకే బట్టలు, తక్కినవారికి భోజనమును ప్రార్థనయు చాలునని. పెద్దలు మొదట తమ ఇండ్లలో అట్లు చేసినయెడల బీదవారికి ధైర్యము కలుగును. బీదవాడు మొదట మానినచో పిసినిగొట్టు అందురు.

అలంకారములనుగూర్చి ఒక మాట చెప్పవలెను, ఇది యౌవన కుమార్తెలకును వారి తల్లులకును. పరమగీతము మొదటి అధ్యాయములోని కన్యక తాను నల్లనిదాననైనను సౌందర్యవతినని సిగ్గుపడక చెప్పుకొన్నది. అన్నలు ద్రాక్షతోట కాపుకు పెట్టినందున ఎండ తగిలి ఆ రంగు వచ్చినదట. పొలము పనిచేసిన పిల్ల మాట అది! మిరపచేలలో దినమంతయు వంగి కోసిన మన కుమార్తెల మాట కూడ అదియే కావలెను. కాని పెండ్లిచూపులలో మనము ఏమనుచున్నాము? “పిల్ల మంచిదే గాని రంగు తక్కువ.” ఆ ఒక్క మాట విని ఆ పిల్ల నెల నెలకు తెల్లబరచు లేపనములు కొనుచున్నది. ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనము 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకొన్నది. పేరు మారినంత త్వరగా మన నోళ్లు మారలేదు. కొందరు మందుల షాపులో చీటీ లేకుండ స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు తెచ్చి రాయుచున్నారు. అవి మొదట నిగనిగలాడించి, పిమ్మట చర్మమును పలుచజేసి, ఎండ సోకగానే మంట పుట్టించునని వైద్యులు చెప్పుచున్నారు. మొగమునకు పౌడరు వేసికొనుట తప్పని నేననను. దేవుడు ఇచ్చిన రంగును మార్చుకొనుటకు డబ్బు పోయుట మాత్రము ఏ లెక్కలోను చేరకూడని ఖర్చు. దీనికి పిల్లను గద్దించుటకంటె ముందు, ఆ మాట అన్న మేనత్తను గద్దించుడి.

అన్నలారా, నవ్వుచున్నారా? మీ వంతు వచ్చుచున్నది.

ఈ ఖర్చును అదుపు చేయు విధమేమి? మన తల్లులు, అమ్మమ్మలు ఎరిగిన విధమే. అన్నము వండుటకు బియ్యము కొలిచినప్పుడు పిడికెడు తీసి ప్రభువు ముంతలో వేసి, ఆదివారము దేవాలయమునకు తెచ్చిరి. మిగిలినయెడల వేసెదమని వారు అనలేదు. మిగిలినదెప్పుడు గనుక? మొదట తీసిరి, తీసినదానిని మరల ముట్టలేదు. అట్టి ముంతయే బట్టలకును ఒకటి యుండవలెను. తేడా యేమనగా, ప్రభువు ముంత మనము తక్కువ వేయకుండునట్లు కాపాడును, బట్టల ముంత మనము ఎక్కువ తీయకుండునట్లు కాపాడును.

ఉదాహరణకు ఒక ఇల్లు చెప్పెదను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పని లేని మే, జూను నెలలు కూడ కలుపుకొని సగటున నెలకు 15,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. వారు కూర్చుండి నెలకు 1,000 రూపాయలు బట్టల ముంతకని నిర్ణయించిరి. సంవత్సరమునకు 12,000. దానిలో క్రిస్మసు బట్టలకు 4,000, బంధువుల వేడుకలకు 2,000, బడి పిల్లల అవసరములకు 1,200, కుట్టు కూలికి 1,200. కుట్టు కూలిని మరువకుడి, ఈ దినములలో జాకెట్టు కుట్టించుట చీర కొన్నంత పని యగుచున్నది. తల్లియు కుమార్తెయు వాడు పౌడరు, గాజులు, పిన్నులకు నెలకు 100 చొప్పున 1,200. తండ్రియు కుమారుడును క్షౌరము చేయించుకొనుటకు తలకు నెలకు 100 చొప్పున 2,400. మొత్తము సరిపోయినది. ఇప్పుడు చూడుడి అన్నలారా, ఆడవారి అలంకారమునకు 1,200, మగవారి తలలకు 2,400! జుట్టుకు రంగు, కొత్త మాదిరి కత్తిరింపులు నేను ఇంకను కలుపలేదు. ఇంటి ఖర్చు పెరిగినదనగానే చీరలవైపు వ్రేలు చూపు చేతులు ఈ లెక్క ఒక పర్యాయము వ్రాయుట మంచిది.

పని యెక్కువగా దొరకు నెలలలో రెండు నెలల వంతు వేయుడి, లేని నెలలో వేయలేకపోయినను కలత చెందకుడి. ముంత ఖాళీయైనచో వచ్చే నెలవరకు ఆగవలెను. బియ్యపు డబ్బునుండి గాని, గుంపు అప్పునుండి గాని దానిలోనికి ఒక్క రూపాయి చేబదులు తేకూడదు. ఈ ఒక్క కట్టడ నిలిచిన చాలును, తక్కిన అంకెలు మీ ఇంటికి తగినట్లు మార్చుకొనుడి. ముంత భార్య చేతిలో నుండుట మంచిది, లెక్క ఇద్దరికిని తెలియవలెను. హాస్టలులో చదువుకొను కుమార్తె యున్నయెడల ఆమె వంతు ఆమె చేతికే ఇచ్చివేయుడి. తన వంతు తానే నడుపుకొనుట ఆమె అక్కడనే నేర్చుకొనును.

రాబడి పెరిగినప్పుడు ఏమి చేయవలెను? జాన్ వెస్లీ తన ప్రసంగములలో ఒకదానియందు ఆక్స్‌ఫర్డులోని ఒక యౌవనస్థుని లెక్క చెప్పెను. అతనికి సంవత్సరమునకు 30 పౌనులు వచ్చినప్పుడు 28తో జీవించి 2 ధర్మము చేసెను. మరుసటి యేట 60 వచ్చినను 28తోనే జీవించి 32 ఇచ్చెను. తరువాత 90 వచ్చినప్పుడు 62, నాలుగవ యేట 120 వచ్చినప్పుడు 92. ఆ యౌవనస్థుడు వెస్లీయే అని అనేకుల అభిప్రాయము. మనలో అంత చేయగలవారు అరుదు. రాబడి రెండింతలైనప్పుడు బట్టలు మూడింతలు కాకుండ నిలుపుకొనగలిగిన చాలును.

ఇదంతయు ఎందుకు వ్రాయుచున్నాననగా, క్రిస్మసు ఆరాధనలో ప్రతి సంవత్సరము కొన్ని చోట్లు ఖాళీగా నుండుట కాపరులకు కనబడును. మిగిలిన ఆదివారములన్నియు వచ్చు విధవరాలు ఆ దినము రాదు. జ్వరమనును. జ్వరము కాదు, కొత్త చీర లేదు. తక్కినవారందరు పట్టులో మెరయుచుండగా ఉతికిన నూలు చీరతో లోపలికి వచ్చుటకు ఆమెకు కాళ్లు రాలేదు. బంగారపు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటును, మాసిన బట్టలవానికి పాదపీఠమునొద్ద చోటును చూపు సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో గద్దించుచున్నాడు. మనము ఎవరికిని నేల చూపలేదు, నిజమే. చూపకుండగనే ఆమె ఇంటియొద్ద ఉండిపోయినది. పశువుల తొట్టిలో పొత్తిగుడ్డలతో చుట్టబడిన శిశువు పండుగకు బట్టలు లేవని ఆమె రాలేదు! యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టి ఇచ్చిన అంగీలు పేతురుకు చూపుచు ఏడ్చిరి. మన ముంతలో సంవత్సరాంతమున రెండు మూడు వందలు మిగిలినయెడల, ఎవరి ఇంటికి అది పోవలెనో మీకు ఇప్పుడే తెలిసియుండును.

హన్నా తన కుమారుడైన సమూయేలుకు ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి, భర్తతో కూడ బలి అర్పింపవచ్చినప్పుడు తెచ్చి ఇచ్చుచుండెను. సంవత్సరమునకు ఒకటి. ఆ బాలుడు దానినే ధరించి యెహోవా మందిరములో పరిచర్య చేసెను.

ముంత లేనివారు మూతగల డబ్బా పెట్టుకొనుడి. నవంబరు, డిసెంబరు నెలల వంతులు రెండే చేరును గనుక ఈ క్రిస్మసుకు పిల్లలకు మాత్రము కొత్తవి కుట్టించుడి. పెద్దలము ఉన్నవాటిలో మంచివి ఉతికించి, ఇస్త్రీ చేయించి కట్టుకొందము. సంఘ పెద్దలును, పాస్టరమ్మలును, ఉపదేశులును మొదట అట్లు రావలెనని ఈ పత్రిక చదువు ప్రతి సంఘమును కోరుచున్నాను. మా ఇంట అట్లే నిర్ణయమైనది.