నేల నేర్పు వినయము

ఆంగ్లమున వినయశీలుని ‘హంబుల్’ అందురు. ఈ మాట ప్రాచీన ఫ్రెంచి భాష మీదుగా లాటిన్ భాషలోని ‘హుమిలిస్’ నుండి వచ్చినది. హుమిలిస్ అనగా నేలకు దగ్గరగా నుండునది. దానికి మూలము ‘హుముస్’, అనగా నేల. అమరకోశమున భూమి పేళ్ళలో ‘క్ష్మా’ యని యొకటి కలదు. క్ష్మా, హుముస్ అను రెండును ఒకే ప్రాచీన మూలము నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున ఆ పరదేశపు మాట మనకు దూరపు చుట్టమే.

అయితే ఇచట నొక చిక్కు కలదు. అవమానించుట యను అర్థము గల ‘హ్యుమిలియేట్’ అను మాటయు ఆ హుమిలిస్ నుండియే పుట్టినది. ఒకే మూలమున వినయమును పరాభవమును ఎట్లు కలిగినవి? తాను వంగుట వినయము; ఒకరు వంచుట పరాభవము. నేల యొక్కటే, దానిని చేరు త్రోవలు వేరు.

సంస్కృతమున వినయ శబ్దము ‘నడిపించు’ అను అర్థము గల ధాతువు నుండి ఏర్పడినది. వినయమనగా శిక్షణ. గురువు నడిపింపగా నడచుటలో తక్కువతనమేమియు లేదు. శరణాగతి యొక్క ఆరు అంగములలో కార్పణ్య మొకటి. తన శక్తిచే తాను తరింపలేనని యెరుగుటయే కార్పణ్యము గాని, పనికిరానివాడనని తన్ను తాను తిట్టుకొనుట కాదు. జీవుడు భగవంతుని సొత్తు. ఆ సొత్తును నిందించుట స్వామిని నిందించుటయే కదా!

నల్లమల తూర్పు అంచున నున్న మార్కాపురము పలకలకు పేరు గన్నది. ఆ నేలను త్రవ్వి తీసిన రాతిని కూలీలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసిరి. ఆ పలకలపై ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దిరి. పలక వ్రాసినదానిని నిలుపుకొనును. తప్పు తుడిచినచో మరల వ్రాయించుకొనును. వినయమనగా నిదియే.

ఆ ఊరనే వెలసిన శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి సన్నిధికి వచ్చిన భక్తుడు శఠారి క్రింద తలయొగ్గును. శఠారి నమ్మాళ్వారుల పేరు. ఆ మహనీయుడు వెల్లాల కులమున అవతరించెనని గురుపరంపర చెప్పును. వేదవేత్తలును ఆ పేరు క్రిందనే శిరస్సు వంచుదురు.

లోపల ‘దాసుడను’ అని తల వంచినవాడు, వెలుపల రాయి మోయు కూలీని ‘ఓరీ’ యని కసరినచో, ఆ వంగినది మెడయే గాని మనస్సు కాదు. అతడు తాను నేలకు దిగలేదు. మరియొకని నేలకు త్రొక్కినాడు. స్వామి యెదుట వంగుట సులభము, ఏలయన ఆయన గొప్పతనము నెల్లరు నెరుగుదురు. తనకంటె చిన్నవాడని లోకము తలచు వానిని మన్నించుటయే వినయమునకు పరీక్ష. ఆ పరీక్ష ఆలయద్వారము దాటిన పిమ్మటనే మొదలగును.