విమానం రద్దయిన రాత్రి, రెండో బాణం

 



మన ఇళ్లల్లో ఇప్పుడు పాస్‌పోర్టు వింత వస్తువు కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉన్నారు. పిల్లలు పైచదువులకు వెళ్తున్నారు. లుంబిని చూసొచ్చిన ఉపాసకులున్నారు, అనురాధపురం బోధివృక్షం దగ్గర కూర్చుని వచ్చినవాళ్లున్నారు. అందుకని ఈసారి విమానాశ్రయం గురించి మాట్లాడుకుందాం. ధమ్మం అక్కడ పనికి రాకపోతే విహారంలో ఎంత వల్లించి ఏం లాభం?

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో వాన కురిసింది. అక్కడ 1949 నుంచి వాన లెక్కలు రాస్తున్నారు, ఆ 75 ఏళ్లలో అంత వాన ఎన్నడూ లేదు. రన్‌వేలు చెరువులయ్యాయి. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. జనం బ్యాగులు తలకింద పెట్టుకుని నేలమీదే పడుకున్నారు.

మీరు అక్కడ ఉన్నారనుకోండి. రెండేళ్లకు సెలవు దొరికింది. ఎల్లుండి చెల్లెలి పెళ్లి. బోర్డు మీద మీ విమానం పక్కన ‘రద్దు’ అని పడింది. లోపల ఏం జరుగుతుంది?

సంయుత్త నికాయంలో సల్లత్థ సుత్తం ఉంది. అందులో తథాగతుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. ఒంటికి తగిలిన నొప్పి మొదటి బాణం. అది అందరికీ తగులుతుంది, జ్ఞానికి కూడా. ఆ నొప్పి పట్టుకుని ఏడ్చి, గుండెలు బాదుకుని, మనసు పడే బాధ రెండో బాణం. విమానం రద్దు కావడం మొదటి బాణం. ఆకలి, నిద్రలేమి, పెళ్లికి అందుకోలేమన్న దిగులు, ఇవన్నీ నిజమైన నొప్పులే. వాటిని కాదనమని ధమ్మం చెప్పదు.

మరి రెండో బాణం? అది మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన రూపంలో వస్తుంది. ‘మన రాత ఇంతే’, ‘బయల్దేరిన వేళ మంచిది కాదు’, ‘ఏ జన్మలో ఏం చేశామో’. దీక్షలో 22 ప్రతిజ్ఞలు చేసిన నోటితోనే ఈ మాట వస్తుంది, పాత అలవాటు అంత గట్టిది మరి. పోయిన జన్మ పాపమే ఈ జన్మ కష్టమనే మాటను బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో ఒప్పుకోలేదు. ఆ మాటే కదా మన తాతలను ఊరి బయట ఉంచింది! కారణం ఉంటేనే కార్యం, అదే పటిచ్చ సముప్పాదం. వాన పడింది, రన్‌వే మునిగింది, విమానం ఆగింది. అందులో మీ జాతకం లేదు.

ఇంకొక రూపం కూడా ఉంది. ‘మనం కాబట్టే మనల్ని ఇలా చూస్తున్నారు.’ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను. చిన్నచూపు ఉండే చోట ఉంటుంది, అనుభవించిన వాళ్లకు తెలుసు. కానీ వేల మందితో పాటు మీరూ ఆగిపోయిన రాత్రి, ముందు చూడండి, తర్వాత తేల్చండి. సతి అంటే అదే.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది, దాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఉపేక్ష అంటే నోరు మూసుకుని మూల కూర్చోవడం అని కొందరు ఉపాసకులు అనుకుంటున్నారు. మూల కూర్చోవడం మనకు వందల ఏళ్లు నేర్పారు, దానికి ధమ్మం అక్కర్లేదు. బాణం దిగినవాడు ఏడవకుండా ఉంటే సరిపోదు, బాణం తీయించుకోవాలి. కౌంటర్ దగ్గరికి వెళ్లండి. మన దేశపు విమానయాన నియమాల ప్రకారం విమానం రద్దయితే వేరే విమానంలో సీటో, టికెట్ డబ్బు వాపసో అడగొచ్చు. యూరప్ సమాఖ్య దేశాల నుంచి బయల్దేరే విమానమైతే, రద్దుకు వాతావరణమే కారణమైనా, వేరే విమానం కోసం ఆగినవాళ్లకు భోజనం, రాత్రి బస కంపెనీయే చూడాలి. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు విమానాలు ఆగిపోయినప్పుడు కూడా ఆ బాధ్యత తప్పదని 2013లో అక్కడి న్యాయస్థానం తేల్చింది. ఇది దయ కాదు, హక్కు. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, టికెట్ చూపించి అడగండి.

అడిగే తీరులో మాత్రం సమ్మా వాచ ఉండాలి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి వాన కురిపించలేదు. ఆమె పొద్దుటి నుంచి తిట్లు తింటూ ఉంటుంది. గొంతు పెంచకుండా, పక్కకు జరగకుండా అడగొచ్చు. రెండూ కలిసే ఉంటాయి.

బాబాసాహెబ్‌కూ ప్రయాణం విరిగింది. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి, లండన్ చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆయన ఒక ఓడలో వచ్చారు, పుస్తకాలు వేరే ఓడలో వేశారు. ఆ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. పైసా పైసా కూడబెట్టి కొన్న పుస్తకాలు! దీక్ష తీసుకోవడానికి అప్పటికింకా 39 ఏళ్లుంది, కాబట్టి ఆయన అప్పుడే ధమ్మం ఆచరించారని నేను కథ అల్లను. జరిగింది చెప్తాను. పోయిన సామానుకు 600 రూపాయల నష్టపరిహారం వచ్చింది, తీసుకున్నారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్సి. పట్టా అందుకున్నారు.

ఇక ఆ రాత్రి సంగతి. ముందు ఇంటికి ఫోన్ చేయండి, ఎదురుచూసే వాళ్ల భయం మీ భయం కంటే పెద్దది. ఎప్పుడు వస్తామో తెలియకపోతే తెలియదనే చెప్పండి, రేపొస్తానని అబద్ధం ఆడొద్దు. రద్దయినట్టు కాగితం తీసుకోండి, యజమానికి చూపించడానికి పనికొస్తుంది. పాస్‌పోర్టు ఎవరి చేతికీ వదలొద్దు. ఎగ్జిట్ ముద్ర పడ్డాక విమానం ఆగితే, బయటికెళ్లే ముందు ఇమిగ్రేషన్ వాళ్లనే అడగండి. మరీ ఇరుక్కుంటే భారత దౌత్య కార్యాలయం ఉంది.

ఆ తర్వాత చేయగలిగింది ఉండదు. గోడకు ఆనుకుని కూర్చుని పది నిమిషాలు ఊపిరి గమనించండి. ‘పెళ్లి’ అని మనసు పరిగెడుతుంది, పరిగెట్టిందని గమనించి మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. వందసార్లు పరిగెట్టినా సరే.

కళ్లు తెరిచాక పక్కన చూడండి. కొడుకు దగ్గరికి వచ్చి తిరిగి వెళ్తున్న ముసలావిడ ఎవరో ఉంటుంది, ఫోన్ ఆరిపోయి, ఎవరిని అడగాలో తెలియక. మీ చార్జర్ ఇవ్వండి. కౌంటర్‌కు మళ్లీ వెళ్లేటప్పుడు ఆమె టికెట్ కూడా పట్టుకెళ్లండి.