పిట్టగోడ ఎవరు కట్టాలి?



ఏదైనా కీడు జరిగినప్పుడు మన విశ్వాసుల నోట తరచుగా వచ్చే మాట ఒకటుంది: "అంతా దేవుని చిత్తం." ఈ మాట తప్పని నేను అనను. దేవుని చేయి దాటి ఏదీ జరగదని మనం నమ్ముతాం. కానీ ఆ మాట ఎవరు అంటున్నారు అన్నది కూడా చూడాలి అనిపిస్తుంది నాకు.

నేను ఉండేది ఇబ్రహీంపట్నంలో. 2022 ఆగస్టు 25న మా ఊరి సర్కారు దవాఖానలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు జరిగింది. ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే వాళ్ళలో నలుగురు చనిపోయారు. మిగతావాళ్ళలో చాలామందిని హైదరాబాద్ తీసుకెళ్ళి నిమ్స్, అపోలో ఆసుపత్రుల్లో చూపించాల్సి వచ్చింది. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. కొందరు అధికారుల మీద, సిబ్బంది మీద ప్రభుత్వం చర్య తీసుకుంది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది. ఆ నలుగురూ పిల్లల తల్లులు.

ఇలాంటి చావుల దగ్గర కూడా "వాళ్ళ టైం వచ్చింది, పోయారు" అనేవాళ్ళు ఉంటారు. పరిశుద్ధ గ్రంథం మాత్రం అంత తేలిగ్గా వదిలేయదు. ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కట్టుకునేవాడు ఇంటి కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ రోజుల్లో కప్పులు చదునుగా ఉండేవి. మనం ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టే వాళ్ళూ పైన కూర్చునేవాళ్ళు, పడుకునేవాళ్ళు. పేతురు ప్రార్థన చేసుకోవడానికి ఎక్కింది కూడా మిద్దె మీదికే (అపొ. కార్యములు 10:9). గోడ లేని చోటనుండి ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందని వాక్యం చెప్తోంది.

గమనించారా? ఆ ఇంటాయన ఎవరినీ తోయలేదు. ఎవరికీ కీడు తలపెట్టలేదు. గోడ కట్టలేదు, అంతే. అయినా దేవుడు ఆయన్నే లెక్క అడుగుతాడు. మనిషి ఆయుష్షు దేవుని చేతిలో ఉంది, నిజమే. పిట్టగోడ మాత్రం మన చేతిలో ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఒక కోడ్ లైవ్‌లోకి వెళ్ళేముందు రాసేవాడు ఒకడు, రివ్యూ చేసేవాడు ఒకడు, టెస్ట్ చేసేవాడు ఇంకొకడు ఉంటారు. ఇంతమంది చూస్తున్నారు కదా, భయం లేదు అనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. రాసినవాడు "రివ్యూలో చూస్తారులే" అనుకుంటాడు. రివ్యూ చేసేవాడు "టెస్టింగ్‌లో దొరుకుతుందిలే" అనుకుంటాడు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, కానీ గోడ కట్టినవాళ్ళూ లేరు. స్కూల్ బస్సు బ్రేకులైనా, సంఘం కానుకల లెక్కలైనా ఇదే కథ. అందుకే పౌలు ఎవరి బరువు వాళ్ళే మోయాలని గలతీయులకు రాశాడు (6:5). పిలాతు కూడా ఆ బరువు జనం మీదికి నెట్టి చేతులు కడుక్కున్నాడు. నీళ్ళు చేతులను తడిపాయి గానీ బాధ్యతను కడగలేదు.

"మరి దేవుడు కీడును కూడా మేలుగా మారుస్తాడు కదా బ్రదర్?" అని మీరు అడగవచ్చు. అవును, యోసేపు ఆ మాటే అన్నాడు (ఆదికాండము 50:20). అన్నలు తనకు కీడు చేయాలని చూశారని, దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడని ఒకే ఊపిరిలో చెప్పాడు. దేవుని మేలు వల్ల అన్నల తప్పు మాయమైపోలేదు. ఇంకో సంగతి కూడా చూడండి. ఆ మాట అన్నది దెబ్బ తిన్న యోసేపు. గుంటలో పడేసిన అన్నలు అనలేదు, అనే హక్కు వాళ్ళకు లేదు కూడా. వాళ్ళు చేయాల్సింది క్షమించమని అడగడమే, అదే చేశారు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుస్తూ "దేవుని చిత్తం" అంటే అది విశ్వాసం. ఆ బిడ్డను కాపాడాల్సిన పని ఎవరి చేతిలో ఉందో వాళ్ళు అదే మాట అంటే అది తప్పించుకోవడం. మాట ఒక్కటే, నోరు మారితే అర్థం మారిపోతుంది.

అయితే యేసు రక్తంలో క్షమాపణ ఉన్నప్పుడు ఈ లెక్కలన్నీ ఎందుకు? జక్కయ్యను చూడండి (లూకా 19). యేసే ముందుగా అతని పేరు పెట్టి పిలిచి, అతని ఇంటికి వెళ్ళాడు. "ముందు డబ్బు కట్టు, తర్వాత వస్తాను" అనలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి తీసుకున్న సొమ్ముతో పాటు అయిదవ వంతు కలిపి ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది (సంఖ్యాకాండము 5:7). జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. కృప అతన్ని లెక్క నుండి తప్పించలేదు, లెక్క అప్పజెప్పే ధైర్యం ఇచ్చింది. శిక్ష భయం ఉన్నవాడు దాక్కుంటాడు. క్షమాపణ దొరికినవాడు బయటికి వచ్చి, "ఇది నా పని, నేను చేయలేదు, ఇప్పుడు ఏం చేయమంటారు?" అని అడగగలడు.

ప్రియులారా, ఈ వారం ప్రార్థనలో దేవుని ముందు ఒక్క ప్రశ్న పెట్టుకుందాం: నా మీద నమ్మకంతో ఎవరు నా మిద్దె ఎక్కుతున్నారు? భార్యాపిల్లలా, పేషెంట్లా, నా క్లాసులో పిల్లలా, నా బండి వెనక కూర్చున్న స్నేహితుడా? వాళ్ళు పడకముందే గోడ కడదాం. ఇప్పటికే ఎవరైనా పడి ఉంటే వాళ్ళ దగ్గరికే వెళ్దాం.

ప్రభువా, నీ చిత్తం వెనక దాక్కోకుండా, నీ చిత్తం చేసేవాళ్ళుగా మమ్మల్ని నిలబెట్టు. ఆ నలుగురు తల్లుల పిల్లలను నీ రెక్కల నీడలో కాపాడు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.