మునిగితే ఎవరివి?

ఆత్మకూర్‌లో ఎరువుల దుకాణం పెట్టుకుంటానంటే మా నాయన మా మామకు రెండు లక్షలు ఇచ్చిండు. నోటు రాయలేదు. "మన నడుమ నోటేంది బావా, దుకాణం నీదే అనుకో" అన్నడు మామ. ఆ ఒక్క మాట మీద మా రెండిండ్లు పదేండ్లు మాట్లాడుకోలేదు.

మొదట్ల గిరాకీ బాగుండె. జూరాల ఎడమ కాలువ కింద వరి పెరిగింది. పండుగకు మామ పైసలు తెచ్చిచ్చేటోడు. మిత్తి కడుతున్ననని ఆయన అనుకున్నడు, లాభంల పాలు వస్తుందని నాయన అనుకున్నడు. తర్వాత వరసగా రెండేండ్లు వానలు పడక, ఉద్దెర తీసుకున్న రైతులు కట్టలేకపోయిండ్రు. దుకాణం మూతపడ్డది. అప్పుడు నాయన "అప్పిచ్చిన, అసలియ్యి" అన్నడు. మామ "పాలుకు పెట్టినవు, నష్టంల నీదీ పాలే" అన్నడు.

చట్టానికి ఈ చిక్కు పాతదే. లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్తుడు కాడని 1932 నాటి భాగస్వామ్య చట్టం 6వ సెక్షన్ చెప్తుంది. ఇద్దరి మధ్య అసలు సంబంధమేమిటో చూడమంటుంది. అప్పే అనుకున్నా మూడేండ్లలో దావా వేయాలి. నోటుంటే గడువులోపల తిరగరాయించుకుంటారు. మా దగ్గర కాగితమే లేదు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తప్పుడు లెక్కలు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంలో, లెక్కల్లో చూపని 1,230 కోట్ల మాట ఉంది. అది మేమిచ్చిన అప్పేనని 37 కంపెనీలు వచ్చినయి. సత్యం చేతులు మారినంక వచ్చిన కొత్త యాజమాన్యం అప్పుగా ఒప్పుకోలేదు.

చాన్నాళ్లు మామదే తప్పనుకున్న. ఇప్పుడట్ల అనుకోలేను. గిరాకీ ఉన్నన్నాళ్లు నాయన నలుగురిలో "మా దుకాణం" అనేటోడు, అది నా చెవులతో విన్న. మునిగినంక అప్పన్నడు. ఇద్దరూ అబద్ధమాడలేదు, ఎవరి నష్టం వాళ్లకు ఎట్ల గుర్తుచేస్తే అట్ల నమ్మిండ్రు. దుకాణం మునిగితే ఈ రెండు లక్షలు ఎవరివని ఆ రోజు అడిగితే సరిపోయేది. కానీ కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఆ మాట ఎవరి నోటికి వస్తుంది? అశుభమనుకున్నరు.

మొన్న మా మేనల్లుడు మందుల దుకాణానికి పైసలడిగిండు. నేను ముందు ఆ మాటే అడిగిన. కొంచెం నొచ్చుకున్నడు. అప్పు అని రాసి, మిత్తి ఎంతో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టినం.