శ్రీలక్ష్మి కవిత చదువుతుంటే

ఇష్టమైన కామెడీ సినిమా ఏదంటే ఆలోచించకుండా ‘చంటబ్బాయ్’ అంటాను. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన సినిమా. జేమ్స్ పాండ్‌గా చిరంజీవి ఎంత నవ్వించినా నాకు ముందు గుర్తొచ్చేది శ్రీలక్ష్మే. పత్రికాఫీసుకొచ్చి, తన కవితలు వినిపించి ఎడిటర్ ప్రాణం తోడేసే రచయిత్రి. ఎన్నిసార్లు చూశానో, అన్నిసార్లూ నవ్వాను.

మా పిన్ని కూడా రాసేది. పాత డైరీల్లో, పాల లెక్కలకీ చాకలి పద్దులకీ మధ్య. పండక్కి అందరం చేరినప్పుడు ఓ కవిత చదవబోతే నాన్న, "అమ్మో, చంటబ్బాయ్‌లో శ్రీలక్ష్మి వచ్చేసింది, తలుపులేసుకోండి" అనేవాడు. మరదలు కదా, ఏడిపించడం హక్కు. ఇల్లంతా ఘొల్లుమనేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పిన్నీ నవ్వేది. డైరీ తేవడం ఎప్పుడు మానేసిందో ఎవరం గమనించలేదు.

కిందటేడు నా కవిత మొదటిసారి అచ్చయితే చూపించాను. రెండుసార్లు చదివి "బావుందే" అంది. "నీ డైరీలేవి పిన్నీ?" అనడిగితే, "ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు వేసేశా. అవేమన్నా కవితలా ఏంటి" అని నవ్వింది. అదే నవ్వు.

తప్పు సినిమాదా? రాయాలనుకున్న ఆడమనిషిని వెక్కిరించాడని జంధ్యాల మీదికి నెట్టేయొచ్చు. అందులో కొంత నిజమూ ఉంది. కానీ మళ్ళీ చూస్తే, ఆ సీన్లో శ్రీలక్ష్మి సిగ్గుపడదు, తగ్గదు. వణికిపోయేది కుర్చీలో కూర్చున్న ఎడిటరే. అతనెంత విసుక్కున్నా ఆమెకి దెబ్బ తగలదని మనకి తెలుసు. అందుకే హాయిగా నవ్వగలం.

ఆ జోకుని ఇంట్లోకి తెచ్చినప్పుడు మేం మర్చిపోయింది ఇదే. పిన్నికి తగులుతుంది. తనూ నవ్వుతోంది కాబట్టి ఏమీ కాలేదనుకున్నాం. నవ్వకపోతే "జోక్ కూడా అర్థం కాదు" అంటామని తనకి తెలుసు.

పిన్ని కవితలు బావుండేవో లేదో చెప్పలేను. ఒక్కటీ పూర్తిగా వినలేదు. విని నవ్వి ఉంటే, పోనీ, నచ్చలేదనుకోవచ్చు. మేం వినకుండానే నవ్వాం. ఇప్పుడు నన్ను తినేస్తున్నది అదే.

‘చంటబ్బాయ్’ ఇప్పటికీ నా ఫేవరెట్టే. ఆ సీన్ వస్తే ఇప్పటికీ నవ్వాగదు. ఎవర్నీ ఆ పేరుతో పిలవడం మాత్రం మానేశాను. ఈ సంక్రాంతికి పిన్నికో కొత్త డైరీ కొనిచ్చాను. ఇంకా ఖాళీగానే ఉందట.